పిట్టలు ముట్టని జొన్న కోసం గద్వాల దాకా

మా పాలమూరు మనుషులకు కొన్నేళ్ళుగా ఒక రోగం పట్టుకుంది. రొట్టె తెల్లగా ఉండాలట. కడుపు నిండిందా, పొద్దుగూకేదాకా ఆకలి ఆగిందా అని ఎవరూ అడగరు. తెల్లగా ఉందా అని అడుగుతారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో రొట్టె ఇటుక రంగులో ఉండేది. తింటే నాలుకను ఎవరో గీకినట్టు వగరు. అది తిని మా నాయన పొద్దంతా నాగలి పట్టేవాడు. ఇప్పుడు ఆ రొట్టె పేరెత్తితే కోడళ్ళు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటారు. యుద్ధం పేరు చెప్పి గుడ్డలు, కిరసనాయిలు అన్నీ పిరమైపోయిన ఈ రోజుల్లో కూడా తెల్లదనం మీద మోజు మాత్రం తగ్గలేదు.

ఆ తెల్లజొన్న పిట్టలకూ ఇష్టమే. అవి మనకంటే ముందు లేస్తాయి, మనకంటే ముందు తింటాయి. ఇంత చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పాత వగరుజొన్న విత్తనం ఏ గాదెలోనూ మిగలకుండా చేసుకుని, ఇప్పుడు వడిసెల పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. ఆ విత్తనం వెతుక్కుంటూ పోయిన ఎండాకాలం చివర నేను గద్వాల దాకా పోయి వచ్చాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నా రాతలో సొగసు వెతకకండి. ఆ దారి పట్టనివాళ్ళు ఇది చదివి కూర్చున్నచోటే తిరిగి రావచ్చు. బండి కుదుపులు తప్పుతాయి.

చెల్లెలి చేను

మా చెల్లెలు సాయమ్మను బిజినేపల్లి దగ్గరి పల్లెకు ఇచ్చారు. మరిది నర్సిములు చెడ్డవాడు కాదు, ఆలోచన తక్కువ. సొంత చేను లేదు. ఊరి పటేలు చేను పాలుకు దున్నుతారు, పండినదాంట్లో సగం ఆయనకు, సగం వీళ్ళకు. చేను పక్కన తుమ్మకంప. ఆ కంప నిండా గిజిగాళ్ళు, పిచ్చుకలు. అంతకుముందు ఏడు కంకి పాలు పోసుకునే వేళకు మబ్బు దిగినట్టు దిగాయి. నర్సిములుకు చూపు మందం, ఎదురుగా మనిషి నిలబడినా గొంతు వింటేగాని పోల్చుకోడు. ఆయన వడిసెల తిప్పితే పిట్టలకంటే మనుషులకే భయం. సాయమ్మ ఒక్కతే మంచె మీద నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. ఈ మూల నుంచి తోలితే ఆ మూల వాలాయి. కోత నాటికి కంకులు అరిగిపోయిన చీపుర్లలా మిగిలాయి.

పటేలు తన మనిషితో ఒక మాట పంపించాడు. ఈ ఏడు కూడా కళ్ళంలో తన పాలు కనబడకపోతే చేను ఇంకొకరికి ఇస్తాడట.

"మళ్ళ తెల్లజొన్ననే ఏస్తవా?" అని మరిదిని అడిగాను.

"ఏంజేయాలె వదినె. అందరు అదే ఏస్తున్నరు. పటేలు గూడ పక్క చేన్ల అదే ఏస్తుండు."

"పటేలుకు కావలి మనుషులున్నరు. నీకెవరున్నరు?"

"దేవుడున్నడు."

"ఆయన మంచె ఎక్కుతడా?"

సాయమ్మ నవ్వలేదు. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ, "అక్క, మన నాయన చేన్ల పిట్టలు దిగకపోతుండె గదా. ఆ జొన్న యాడనన్న ఉన్నదేమో జర సూడు. ఈ చేను పోతే నేను కూలికి పోవాలె. పోను నాకు సిగ్గు లేదు. ఈ మనిషిని యాడ కూసోబెట్టి పోవాలె?" అన్నది.

మా నాగర్‌కర్నూలు బజారులో అడిగితే గింజల వ్యాపారులు నవ్వారు. ఒకడు మాత్రం, గద్వాల వైపు నడిగడ్డలో ఎర్రజొన్న ఇంకా వేస్తారని చెప్పాడు. మృగశిర కార్తె ఇంకా దూరమే ఉంది. మా వాడకట్టులోనే ఉండే ఖాసీం బండి కట్టించాను. ఖాసీం ఉప్పు, కట్టెలు, కరక్కాయలు, ఏది దొరికితే అది తోలే మనిషి. నాకంటే కొంచెం చిన్న. నేను తిడుతుంటే ఎడ్లకు వినిపిస్తున్నట్టు నటిస్తాడు, తనకు కాదన్నట్టు.

వనపర్తి పులుపు

వనపర్తిలో మా మేనమామ కొడుకు వెంకటయ్య ఉన్నాడు. సంస్థానం కచేరీలో చిన్న కొలువు, దానికి సరిపోనంత పెద్ద తలరుమాలు. మేం పోయిన పూటకే ఆయన కచేరీ స్నేహితుడొకడు భోజనానికి వచ్చాడు. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇస్తాం. వనపర్తిలో ముందు తమ ఇంట్లో ఏమేమి ఉన్నాయో చెబుతారు, నీళ్ళు తర్వాత.

రొట్టెలు వచ్చాయి. తెల్లగానే ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే పుల్లగా ఉన్నాయి. ఆ స్నేహితుడు మాత్రం, "ఏం తెలుపు వెంకటయ్యా, ఏం తెలుపు" అంటూ తింటున్నాడు. నేను సగంలో లేచి వంటింట్లోకి పోయాను. వెంకటయ్య భార్య చింతపండు పులుసు పోసి పిండి పిసుకుతోంది. పిండి మట్టిరంగు. పులుసు తగిలినకొద్దీ రంగు విరుగుతోంది.

"ఇదేందే చెల్లె?"

"మెల్లగ అనక్క. తెల్లజొన్న మస్తు పిరమైంది. ఈయనేమో మా ఇంట్ల వేరే జొన్న రాదని కచేరంత చెప్పుకున్నడు. పులుసు పోస్తే జర తెల్లగైతది."

"తినేటోళ్ళకు పులుపు తెల్వదా?"

"తెలుస్తది. ఎవరు అడుగరు. అందరిండ్లల్ల గిదే గదా."

నేను తిరిగి వచ్చి కూర్చున్నాను. వగరుజొన్న విత్తనం ఎక్కడైనా ఉందా అని వెంకటయ్యను అడిగాను. ఆయన స్నేహితుడి వైపు చూసి, "మా వదినె పాతకాలం మనిషి" అని నవ్వాడు. "అది మనుషులు తినేదా వదినె? మొన్న జైలుకు పంపిన జొన్నలు గూడ తెల్లయే."

జైలులో ఉన్నవాళ్ళకు చింతపులుసు ఖర్చు తప్పింది కదా అన్నాను. ఆ పులుపు రొట్టెల మహిమతో మర్నాడు దారిలో మూడు నాలుగు చోట్ల బండి ఆపించాల్సి వచ్చింది. తెల్లదనానికి నేను చెల్లించిన సుంకం అదే.

పాన్‌గల్లులో ఎడ్ల దాణా

పాన్‌గల్లు గుట్ట మీద కోట ఎండకు కాలి, దూరం నుంచే సెగ కొడుతుంది. నీళ్ళ కోసం ఒక రైతు ఇంటి ముందు బండి ఆపాము. ఇంటాయన బాలకిష్టయ్య, ఇంటామె చెన్నమ్మ. అడగకముందే మజ్జిగ ఇచ్చారు, తినిపోమన్నారు. వనపర్తి తర్వాత ఆ ఇల్లు నాకు నచ్చింది. అది కూడా కాసేపే. మగవాళ్ళకు ఒక గంపలోంచి తెల్లరొట్టెలు తీసింది చెన్నమ్మ. ఖాసీంకూ, అతిథినని నాకూ అందులోవే. ఆమె, ఆమె కోడలు మాత్రం మాకు వీపు తిప్పుకుని వేరే గంపలోంచి తిన్నారు. మా ఊళ్ళో ఆడవాళ్ళు చివర తింటారు గాని వేరే గంప ఉండదు. ఇక్కడ తెలుపుకూ మగతనానికీ చుట్టరికం కుదిర్చారు కాబోలు.

"ఎర్రజొన్ననా?" అన్నాడు బాలకిష్టయ్య, నేను అడిగిన మాటకు. "మానుకొని మస్తు యేండ్లాయె అవ్వ. మాదంత తెల్ల పంట."

బయలుదేరేటప్పుడు చెన్నమ్మ కొట్టం వెనక నుంచి ఒక మూట తెచ్చి బండిలో పెట్టింది. సున్నం రాలిన గోడ రంగులో, పాలిపోయి, కళ లేని జొన్నలు. "నూక గొట్టి ఎడ్లకు నానబెట్టు. దూరం పోవాలె గదా" అన్నది. డబ్బులు ఇస్తానంటే మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక్కసారే చెయ్యి అడ్డం పెట్టారు. ఎడ్ల దాణాకు డబ్బులు తీసుకుంటారా అన్నారు. నేను ఆ మూట వైపు మళ్ళీ చూడలేదు. అది ఎరుపు కాదు, నాకెందుకు.

కృష్ణ దాటడం

వీపనగండ్లలో ఒక వేరుశనగ రైతు కళ్ళంలో పడుకున్నాం. కాయలు కాల్చి పెట్టాడు, బెల్లం ముక్క ఇచ్చాడు, తెల్లారేదాకా తన దాయాదుల మీద ఫిర్యాదులు చెప్పాడు. తిండి ఒక వంతు, ఫిర్యాదు మూడు వంతులు. ఇక్కడ కూడా అందరిదీ తెల్ల పంటే.

ఎండాకాలం కావడంతో కృష్ణ బండల మధ్య పాయలుగా పారుతోంది. బండిని, ఎడ్లను ఖాసీం లోతు తక్కువ చోట దాటించాడు. నేను పుట్టిలో కూర్చున్నాను. తోలుతో కట్టిన గుండ్రటి గంప అది. నీళ్ళమీద ముందుకు పోదు, తనచుట్టూ తాను తిరుగుతుంది. ఎటు పోతున్నామో తెలియకపోయినా పోతున్నట్టే ఉంటుంది, మా ఊరి పెద్దమనుషుల పంచాయితీ లాగా.

"ఎంత ఇయ్యాలె?" అన్నాను పుట్టి నడిపేవాడితో.

"అందరికి అర్ధణా. నీకు అణా."

"నాకెందుకు అణా?"

"ఎక్కినప్పటి సంది తిడుతున్నవ్ గదవ్వ. నీకు అర్ధణా, నీ నోటికి అర్ధణా. రెండింటిని దాటిస్తున్న."

అణా ఇచ్చాను. ఆ ప్రయాణంలో సరైన ధర చెప్పినవాడు వాడొక్కడే.

గద్వాల ఎరుపు

గద్వాల పేరు చెప్పగానే అందరూ చీరల గురించి చెబుతారు. నేనూ చూశాను. మధ్యలో నూలు, అంచుకు పట్టు, కొంగుకు జరీ. పదిమందికి కనబడేచోట ఖర్చు, ఒంటికి తగిలేచోట పొదుపు. మా వెంకటయ్య ఆలోచనే, కాకపోతే చేతిపనితనం ఎక్కువ. నేసేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాత్రం అతుకుల మీద అతుకులు వేసుకున్న కోకల్లో ఉన్నారు. ఆ ఊరి బజారులో మాటకు మాటకు కన్నడం తగులుతుంది. ధర మాత్రం ఏ భాషలో అడిగినా తగ్గదు.

గింజల షావుకారు అంగట్లో ఎర్రజొన్న దొరికింది. రాశి చూడగానే నాకు మా నాయన కళ్ళం కళ్ళముందు నిలబడింది. పండిన రేగుపళ్ళ రంగు. చేతిలోకి తీసుకుంటే నిగనిగలాడుతోంది. నోట్లోని ఆకు వక్కను దవడకు తోసి, రెండు గింజలు వేసుకుని నమిలాను. వగరుగానే అనిపించింది. ఖాసీం కూడా రెండు గింజలు నమిలాడు.

"తియ్యగున్నది గదక్క" అన్నాడు.

"నీకు బెల్లం అలవాటు. నీ నోటికి వేపాకు గూడ తియ్యగుంటది."

"ఉన్నమాట చెప్పిన. నీ ఇష్టం."

షావుకారు మధ్యలో దూరాడు. "ఎరుపు చూడు అవ్వ. ఇంత ఎరుపుంటే పిట్ట ముట్టుతదా?" ఆ మాట నాకు బాగా నచ్చింది. నేను అనుకుంటున్నదే ఆయన అన్నాడు కదా. ఒక సంచి నిండా కొలిపించాను.

నల్ల గట్క

ఖాసీంకు తెలిసిన రంగులవాడు హనుమంతప్ప ఇంటి దొడ్డిలో దిగాం. ఖాసీం ఏటా ఆయనకు కరక్కాయలు తోలుతాడు. హనుమంతప్ప చేతులు మోచేతుల దాకా నలుపు. మనిషి తనను తాను చాలా మెచ్చుకుంటాడు. తన నలుపు ముందు కాకి కూడా తెల్లబడాలంటాడు. దొడ్డి నిండా కుండలు. ఏది ముట్టుకోబోయినా "బ్యాడ, బ్యాడ" అని కన్నడంలో వద్దంటాడు.

మా దగ్గర పిండి అయిపోయింది. పొద్దున్నే ఖాసీం కొత్త సంచిలోంచి కొన్ని ఎర్రజొన్నలు రోట్లో పలుకులు చేశాడు, సంకటిలా ఉడికించుకునే మా గట్కకు. పాన్‌గల్లు జొన్నలు కొన్ని నూక కొట్టాడు, ఎడ్లకు. రెంటినీ వేర్వేరు చట్టుల్లో నానబెట్టి, ఎదురుగా ఉన్న కుండలోంచి నీళ్ళు ముంచి పోశాడు. మేం మొహాలు కడుక్కుని వచ్చేసరికి ఎడ్ల చట్టిలో నూక సిరాలా నల్లబడిపోయింది. నేను అక్షరాలు దిద్దడానికి వాడిన సిరా కూడా అంత చిక్కగా ఉండేది కాదు. ఎర్రజొన్న చట్టిలో మాత్రం పలుకులు కొంచెం మసకబారి, ఎర్రగానే ఉన్నాయి.

"దయ్యం సొచ్చిందక్క జొన్నలల్ల" అన్నాడు ఖాసీం.

హనుమంతప్ప పరుగెత్తుకొచ్చాడు. జొన్నల కోసం కాదు, కుండ కోసం. "నా ఇనుము నీళ్ళు ముంచినవా ముసలోడా? తుప్పు ముక్కలు బెల్లం నీళ్ళల్ల ఏసి ఎన్ని దినాలు మాగబెట్టిననో తెలుసా? ఎడ్లకు తాపుతవా దాన్ని?"

"ఒక చట్టి నల్లగైంది, ఇంకోటి కాలేదు. ఎందుకు?" అన్నాను.

"నా నీళ్ళు పోయినయ్, నీకు చట్టి పట్టిందా అవ్వ?"

"నీళ్ళకు డబ్బులిస్త. చెప్పు."

డబ్బుల మాటకు మెత్తబడ్డాడు. దొడ్డి మధ్యలో నిలబడి, పదిమంది ముందు ఉపన్యాసం ఇస్తున్నట్టు చెప్పాడు. "ఉత్త గుడ్డ మీద ఈ నీళ్ళు పోస్తే తుప్పు మరకైతది, నలుపు కాదు. ముందు కరక్కాయ రసంల ముంచాలె. కరక్కాయల వగరుంటది గదా, ఆ వగరుకు ఇనుము తగిలితెనే నలుపు పుట్టేది. వగరెంత ఉంటే నలుపంత. ఈ నడిగడ్డల నా అంత నలుపు తెచ్చేటోడు ఇంకొకడు లేడు." అని చట్టిలోకి తొంగి చూసి, ముక్కు విరిచాడు. "నీ ఎడ్ల జొన్నలు కరక్కాయకు చుట్టాలున్నట్టుంది. ఆ ఎర్రయి ఎందుకు పనికిరావు."

నేను నోట్లోని ఆకు వక్క ఊసేశాను. చెంబుల కొద్దీ నీళ్ళతో పుక్కిలించాను. వక్క కూడా వగరే. పొద్దంతా దాన్ని దవడన పెట్టుకునే నోటికి జొన్న రుచి ఎక్కడ తెలుస్తుంది? ఆ కడిగిన నోటితో ముందు ఎర్ర గింజ నమిలాను. తియ్యన. తర్వాత పాన్‌గల్లు గింజ. నాలుక బిగుసుకుంది, బుగ్గలు లోపలికి గుంజుకున్నాయి. గోటితో గీకి చూశాను. ఎర్ర గింజకు ఎరుపు పైపొరలోనే, కింద అంతా తెలుపు. పాలిపోయిన గింజకు పైపొర సున్నం, దాని కింద ముదురు గోధుమ రంగు పొర ఒకటి. మా నాయన జొన్నలో ఎరుపూ వగరూ రెండూ ఉండేవి కాబట్టి, ఎరుపే వగరు అనుకున్నాను.

రంగు చూసి మోసపోయేవాళ్ళను నాగర్‌కర్నూలు నుంచి తిట్టుకుంటూ వచ్చినదాన్ని నేను. వాళ్ళు తెలుపు చూశారు, నేను ఎరుపు చూశాను. తేడా అంతే. ఖాసీం ఎడ్లకు మేత వేస్తూ వాటితో, "బెల్లం తినే నోరు మంచిదేరా" అన్నాడు, నాకు వినబడేటట్టు.

షావుకారు సంచి వాపసు తీసుకోలేదు. "ఎరుపు అడిగితివి, ఎరుపు ఇస్తిని" అన్నాడు. నేను తిట్టిన తిట్లకు అంగడి ముందు జనం పోగయ్యారు. వాళ్ళలో ఇద్దరు ఆ ఎరుపు చూసి ముచ్చటపడి కొనుక్కుపోయారు కూడా. నా నోటి వల్ల ఆయనకు బేరం పెరిగింది.

మళ్ళీ పాన్‌గల్లు

తిరుగుదారిలో ఎండ ముదిరింది, పడమట మబ్బులు కనబడుతున్నాయి. సాయమ్మ ఎదురుచూస్తుంటుంది. ఈలోగా నర్సిములు ఎవరి దగ్గరన్నా తెల్లజొన్న విత్తనం తెచ్చి చల్లేస్తాడేమోనని నాకు గుబులు. ఆ మూటలో ఎడ్లు తినగా మిగిలినది చేనుకు సరిపోదు.

బాలకిష్టయ్య ఇంటి ముందు బండి దిగి, ఆ ఎడ్ల జొన్న ఇంకా ఉంటే కావాలన్నాను, విత్తనానికి. ఆయన మొహం ముడుచుకున్నాడు.

"విత్తనానికా? వద్దవ్వ. అది దొంగజొన్న. పైన తెల్లగుంటది, రొట్టె జేస్తే మట్టిరంగు. తెల్లజొన్న అని ఒకాయనకు అమ్మితే, ఇంటిమీదికొచ్చి కొట్లాడిండు. అప్పటి సంది చేను అంచులకు ఏస్తున్నం, గొడ్లకు. పిట్టలు గూడ ముట్టయి దాన్ని. పిట్టలు ముట్టనిదాన్ని మనుషులకు ఎట్లిస్త? పాపం గదా."

నేను బండి చక్రం పట్టుకుని నవ్వాను. ఆయనకు కోపం వచ్చింది. తన చేనులో తెల్లజొన్నను పిట్టలు తింటుంటే ఏటేటా కావలికి మనుషులను పెడుతున్నాడు. పిట్టలు ముట్టని జొన్నను సిగ్గుపడి కొట్టం వెనక దాచిపెట్టాడు. రెండూ ఆయన గాదెలే, రెండూ ఆయన కళ్ళే.

"మనుషులు తినరా దాన్ని?" అన్నాను చెన్నమ్మ వైపు చూసి.

ఆమె మొగుడి వైపు చూసి, "మేం ఆడోళ్ళం తింటం" అన్నది. "రాత్రంత బూడిద నీళ్ళల్ల నానబెట్టి, కడిగి, ఎండబోసి దంచితే వగరు మస్తు తగ్గుతది. పొద్దుగాల ఒక్క రొట్టె తింటే మళ్ళ పొద్దుగూకంగనే ఆకలి."

బాలకిష్టయ్య తల వంచుకున్నాడు. "ఒక మాట అవ్వ" అన్నాడు. "పక్కన తెల్లజొన్న ఉంటెనే పిట్టలు దీన్ని ముట్టయి. ఊరంత గిదే ఏస్తే ఆకలికి ఏంజేస్తయో నాకు తెల్వదు."

పక్క చేను పటేలుది, ఆయన తెల్లజొన్న తప్ప వేయడు అని చెప్పాను. ఇంతలో బాలకిష్టయ్య కన్ను మా బండిలో ఎర్ర సంచి మీద పడింది. మూతి విప్పి గింజలు చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత ముద్దుగున్నయవ్వ" అన్నాడు. కుంచానికి కుంచం మార్చుకుందామన్నాడు.

"పిట్టలు తింటయి దీన్ని. నేను ముందే చెప్తున్న."

"తింటే తిననీ. చేను సూడనీకె బాగుంటది."

ఇంక నేనేం చెప్పాలి? చేను చూసుకుని మురిసేవాళ్ళు చూసుకుంటారు. మేం కొలుచుకున్నాం. దొంగజొన్న తమ ఇంట్లోంచి పోయిందని ఊళ్ళో చెప్పవద్దని మాట తీసుకున్నాడు. అందుకే ఇక్కడ వాళ్ళ అసలు పేర్లు రాయలేదు.

కళ్ళం

మొదటి వాన పడ్డ మర్నాడు బిజినేపల్లి దాటాము. నర్సిములు గింజలు చేతిలోకి తీసుకుని, కంటికి ఆనించుకుని చూశాడు. "తెల్లయే గద వదినె, ఇంత దూరం పోయి తెల్లయే తెచ్చినవా?" అన్నాడు. సంగతి చెప్పాను. ఈసారి రొట్టె మట్టిరంగు అవుతుందని, చుట్టాల ముందు పరువు పోతుందని అడ్డం తిరిగాడు. పళ్ళెంలో రొట్టె ఉందో లేదో చేత్తో తడుముకునే మనిషికి దాని రంగు మీద పట్టింపు. సాయమ్మ సంచి ఎత్తుకుని చేనుకు పోయింది. గొర్రు వెనక విత్తనం వేసే చెయ్యి ఆమెదే కాబట్టి ఆయన పట్టింపు ఇంట్లోనే ఉండిపోయింది.

కంకి పాలు పోసుకునే రోజులకు నేను మళ్ళీ పోయాను. పిట్టలు వచ్చాయి. ముందు మా కంకుల మీదే వాలాయి. సాయమ్మ వడిసెల ఎత్తలేదు, నా చెయ్యి పట్టుకుంది. ఒక పిట్ట పొడిచింది, ముక్కు దులుపుకుంది, ఇంకో కంకి పొడిచింది. తర్వాత గుంపంతా లేచి గట్టు దాటి పటేలు తెల్లజొన్నలోకి పోయింది. ఆ పూట నుంచి పటేలు కావలి మనుషుల గొంతులే వినబడ్డాయి. సాయమ్మ చేయి వదలడానికి చాలాసేపు పట్టింది.

కళ్ళం నాటికి రాశి నడుమెత్తు అయ్యింది. పాలు కొలవడానికి పటేలు మనిషి వచ్చాడు. రాశి చుట్టూ తిరిగాడు. పక్క చేను కంకులు చూసి వచ్చాడు కాబట్టి నమ్మలేకపోతున్నాడు.

"ఏం మందు పెట్టిండ్రమ్మా పిట్టలకు?"

నర్సిములు ముందుకొచ్చాడు. "మందు గాదు, విత్తనం. ఎంత తిరిగితే దొరికిందనుకున్నవ్" అన్నాడు, నడిగడ్డ దాకా తానే నడిచి పోయినట్టు. నేను పక్కనే ఉన్నాను. ఎన్నడూ లేనిది ఊరుకున్నాను.

పటేలు మనిషి నాలుగు గింజలు నమిలి ఊసేశాడు. "ఏం జొన్నలు ఇవి? నోట్ల పెట్టరాకుంటున్నయ్. పటేలు తింటడా ఇవి?"

"తినకుంటే అమ్ముకోమను" అన్నది సాయమ్మ. "సగం అన్నడు. తెల్లయి అనలేదు. కొలుచుకో."

కొలుచుకున్నాడు. సంచులు బండికెత్తించాక ఆమె వైపు చూడకుండా, "వచ్చే ఏడు గూడ మీరే దున్నుకోండ్రి. పటేలు చెప్పమన్నడు, పాలొస్తే" అని పోయాడు.

బండి కనుమరుగయ్యాక సాయమ్మ కళ్ళంలో కూర్చుని, మట్టిలో కలిసిన గింజలను ఒక్కొక్కటి ఏరడం మొదలుపెట్టింది. అవి పిట్టలకు వదలవే, మన అమ్మ ఎప్పుడూ వదిలేది గదా అన్నాను.

"అవి తినయి గదక్క" అన్నది తల ఎత్తకుండా. "మేం తింటం."